పులికాట్‌లో పక్షుల లెక్క: జానెడు నీటి మీద ఆధారపడిన ప్రయాణాలు

జనవరి నెల. తెల్లవారి ఆరున్నర దాటింది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు మీద అంతరిక్ష కేంద్రం ఉద్యోగులను తీసుకువెళ్లే బస్సులు ఒకదాని వెనుక ఒకటి సాగిపోతుంటాయి. రోడ్డుకు రెండు వైపులా కనుచూపు మేర నీరు. ఉత్తరం వైపు, నీరూ ఆకాశమూ కలిసే చోట, సన్నటి గులాబీ గీత ఒకటి కనిపిస్తుంది. బైనాక్యులర్‌లో చూస్తే ఆ గీత కదులుతూ ఉంటుంది. అది గీత కాదు. తలలు నీటిలో ముంచి మేత మేస్తున్న ఫ్లెమింగోల గుంపు.

రోడ్డు పక్కన స్టాండు మీద టెలిస్కోపు బిగించుకున్న నలుగురైదుగురి ముందు ఇప్పుడు ఒకటే ప్రశ్న. అక్కడ ఎన్ని పక్షులున్నాయి?

వినడానికి ఇది చిన్న ప్రశ్నే. దీనికి సరైన జవాబు రాయాలంటే కాంతి, గాలి, నీటి లోతు, మనిషి కంటి పరిమితి అన్నీ తెలిసి ఉండాలి. ఆ జవాబును ఏటా, అదే నెలలో, అదే చోట నిలబడి రాస్తూ పోతే, ఈ సరస్సుకు ఏం జరుగుతోందో చెప్పగల ఆధారాల్లో అది ఒకటవుతుంది.

సముద్రానికీ నేలకూ మధ్య

పులికాట్ మన దేశంలో చిలికా తరువాత రెండో అతి పెద్ద ఉప్పునీటి సరస్సు. ఇందులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోని తిరుపతి జిల్లాలోనూ, దక్షిణపు కొస తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాలోనూ ఉంది. 2022లో జిల్లాలను పునర్విభజించక ముందు ఆంధ్ర భాగం నెల్లూరు జిల్లాలో ఉండేది. బంగాళాఖాతానికీ సరస్సుకూ మధ్య గోడలా నిలిచిన ఇసుక దీవే శ్రీహరికోట. దక్షిణాన ఆరణి నది, పడమట కాళంగి, ఉత్తరాన స్వర్ణముఖి వరద నీటిని ఈ సరస్సుకు చేరుస్తాయి. సముద్రం నుంచి ఉప్పునీరు ఇసుక మేటల మధ్య ఉన్న ముఖద్వారాల గుండా లోపలికి వస్తుంది.

ఈ రెండు నీళ్ల మధ్య జరిగే లావాదేవీయే పులికాట్ జీవితం. ఈశాన్య రుతుపవనాల వానలు పడే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో సరస్సు నిండుతుంది, ఉప్పదనం బాగా తగ్గుతుంది. వేసవి వచ్చేసరికి నదులు ఎండిపోతాయి. నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది. సముద్రపు నీటిలో ఉప్పు లీటరుకు దాదాపు 35 గ్రాములు ఉంటే, మండు వేసవిలో పులికాట్‌లోని కొన్ని భాగాల్లో అది సముద్రాన్ని మించిపోతుంది. ఉత్తర భాగంలో చాలా మేర నేల బయటపడి, ఉప్పు పేరుకుని తెల్లగా మెరుస్తుంది.

ఈ రెండు కొసల మధ్య, అంటే సరస్సు నిండి మెల్లగా తీయడం మొదలయ్యే చలికాలపు నెలల్లో, పక్షులు వస్తాయి. వాటి రాక ఆ సమయానికే జరగడంలో వింత లేదు. వాటికి కావలసింది లోతైన నీరు కాదు. జానెడు నీరు.

కాళ్ల పొడవును బట్టి చోటు

పులికాట్ అడుగు దాదాపు బల్లపరుపు. ఉదాహరణకు ఒక చోట నేల కిలోమీటరుకు పది సెంటీమీటర్లు మాత్రమే వాలి ఉందనుకుందాం. అక్కడ నీటిమట్టం పది సెంటీమీటర్లు తగ్గితే ఒడ్డు ఏకంగా కిలోమీటరు వెనక్కి జరుగుతుంది. వేసవిలో రోజుకు అయిదు మిల్లీమీటర్ల నీరు ఆవిరైనా నెలకు పదిహేను సెంటీమీటర్లు అవుతుంది. కాబట్టి ఇక్కడ ఒడ్డు అనేది స్థిరమైన గీత కాదు. రోజురోజుకూ జరుగుతూ పోయే తడి పట్టీ.

ఆ పట్టీ మీద ఏ పక్షి ఎక్కడ నిలబడుతుందో దాని కాళ్లు చెబుతాయి. అంచున, తడి బురదలో, రెండు మూడు సెంటీమీటర్ల నీటిలో లిటిల్ స్టింట్ లాంటి చిన్న ఉల్లంకి పిట్టలు పరుగులు తీస్తాయి. ఇంకాస్త లోపల ఎర్రటి పొడుగు కాళ్ల స్టిల్ట్‌లు, వాటిని దాటి గాడ్‌విట్‌లు ఉంటాయి. తెడ్డుమూతి కొంగలు మోకాలి లోతులో ముక్కును అటూ ఇటూ ఊపుతూ నడుస్తాయి. అందరికంటే లోపల, మనిషి ఛాతీ ఎత్తుండే గ్రేటర్ ఫ్లెమింగోలు. కాళ్లు అందని చోట పెలికాన్లు, అంటే మన గూడబాతులు, ఈదుతూ చేపలు పడతాయి.

అందుకే ఇక్కడ అనుభవమున్న పక్షి వీక్షకులు ముందు నీటిని చూస్తారు, తరువాతే పక్షులను చూస్తారు. నిన్న ఉల్లంకి పిట్టలు ఉన్న చోట ఈ రోజు ఒక్కటీ లేదంటే అవి వెళ్లిపోయాయని కాదు. నీరు కదిలింది, వాటి భోజనాల బంతి కూడా దానితోపాటు కదిలింది.

ముక్కుల్లో దాగిన భౌతికశాస్త్రం

ఫ్లెమింగో తలను తలకిందులుగా నీటిలో ముంచి మేస్తుందని అందరికీ తెలుసు. అది జల్లెడ పట్టినట్టు నీటిని వడకట్టుకుంటుందనీ చాలాకాలంగా తెలుసు. అయితే చురుగ్గా కదిలే సన్నటి రొయ్య పిల్లల్లాంటి జీవులు తప్పించుకోకుండా ఆ ముక్కులోకి ఎలా చేరుతున్నాయి? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీకి చెందిన విక్టర్ ఒర్తెగా హిమెనెజ్ బృందం 2025లో ప్రచురించిన పరిశోధన దీనికి ఆసక్తికరమైన జవాబిచ్చింది. చిలీ ఫ్లెమింగోలను హైస్పీడ్ కెమెరాలతో చిత్రీకరించి చూస్తే, అవి సెకనుకు సుమారు 40 సెంటీమీటర్ల వేగంతో తలను పైకి లాగుతున్నాయి. ఆ లాగడంతో నీటిలో చిన్న సుడిగాలి లాంటి సుడి లేస్తుంది. అడుగున ఉన్న ఆహారం ఆ సుడిలో చిక్కి పైకి వస్తుంది. ముక్కును సెకనుకు పన్నెండు సార్ల వరకు కొట్టుకోవడం, పొరల పాదాలతో బురదను తొక్కడం కూడా ఇందుకు తోడ్పడతాయి. అంటే ఫ్లెమింగో వచ్చినదాన్ని వడకట్టే జల్లెడ మాత్రమే కాదు. నీటిని తనకు కావలసినట్టు తిప్పుకునే యంత్రం కూడా. ఆ ప్రయోగం జరిగింది చిలీ జాతి మీద. పులికాట్‌కు వచ్చే గ్రేటర్ ఫ్లెమింగో ముక్కు ఆకారం, మేసే పద్ధతి కూడా అలాంటివే.

బురదలో పొడుస్తూ తిరిగే ఉల్లంకి జాతి పిట్టలది మరో విద్య. వాటి ముక్కు కొసలో ఒత్తిడిని గుర్తించే సూక్ష్మ నాడీ కణికలు గుంపులుగా ఉంటాయి. నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 1998లో ప్రచురించిన ప్రయోగంలో రెడ్ నాట్ అనే పక్షికి తడి ఇసుకలో ప్రాణం లేని రాళ్లను పాతిపెట్టి చూశారు. ముక్కు తగలకపోయినా ఆ రాయి ఎక్కడుందో పక్షి పసిగట్టింది. ముక్కును ఇసుకలో గుచ్చినప్పుడు రేణువుల మధ్య నీరు పక్కకు నెట్టబడుతుంది. దారిలో గట్టి వస్తువు ఉంటే ఆ ఒత్తిడి తీరు మారుతుంది. ఆ తేడానే పక్షి చదువుతుంది. ఇసుక పూర్తిగా ఎండిపోతే ఈ విద్య పనిచేయదు. రేణువుల మధ్య నీరు ఉండాలి. తడి బురద నేల ఈ పక్షులకు ఎందుకంత విలువైనదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఒక చపాతీ ఇంధనం

బురదలో పరుగులు తీసే లిటిల్ స్టింట్ బరువు మామూలుగా 20 నుంచి 30 గ్రాములు. గుప్పిట్లో పట్టేంత పిట్ట. ఇది గుడ్లు పెట్టేది ఆర్కిటిక్ తీరపు టండ్రా నేలల్లో. పులికాట్ ఉన్న అక్షాంశం నుంచి అక్కడికి నేరుగా ఉత్తరానికి ఎగిరినా ఆరు వేల కిలోమీటర్ల పైమాటే.

దీనికి ఇంధనం కొవ్వు. గ్రాము కొవ్వులో దాదాపు 39 కిలోజౌళ్ల శక్తి ఉంటుంది. పిండి పదార్థాల్లో అందులో సగం కూడా ఉండదు. పైగా కొవ్వు నిల్వకు నీటి బరువు మోయనక్కరలేదు. ఒక పిట్ట పది గ్రాముల కొవ్వు పెంచుకుందనుకుందాం. అందులో శక్తి 390 కిలోజౌళ్లు, అంటే 93 కిలో క్యాలరీలు. మనం తినే ఒక చపాతీలో ఇంచుమించు ఉండే శక్తి అది. ఇంత చిన్న పక్షి ఎగరడానికి దాదాపు మూడు వాట్లు ఖర్చవుతుందని లెక్కవేస్తే, ఆ ఒక్క చపాతీ ఇంధనంతో అది రోజున్నర దాకా ఆగకుండా ఎగరగలదు. గంటకు 50 కిలోమీటర్ల వేగం చొప్పున సుమారు 1,800 కిలోమీటర్లు. ఎదురుగాలి వీస్తే అంతకంటే తక్కువ.

ఇది ఉజ్జాయింపు లెక్కే అయినా అసలు విషయం చెబుతుంది. ఆరు వేల కిలోమీటర్ల దూరానికి ఒక ట్యాంకు ఇంధనం చాలదు. దారిలో కనీసం మూడు నాలుగు చోట్ల దిగి, తిని, బరువు పెంచుకుని మళ్లీ లేవాలి. ఆ దిగే చోట్లలో ఒకటి మూతపడితే పక్కనే ఇంకొకటి దొరుకుతుందన్న హామీ లేదు. మన దేశం మీదుగా సాగే ఈ దారిని మధ్య ఆసియా వలస మార్గం అంటారు. ఆర్కిటిక్ నుంచి హిందూ మహాసముద్రం దాకా 30 దేశాలను కలిపే మార్గం ఇది. వలస జాతుల ఒప్పందంపై సభ్య దేశాల 13వ సమావేశం 2020 ఫిబ్రవరిలో గాంధీనగర్‌లో జరిగినప్పుడు ఈ మార్గం పరిరక్షణ ముఖ్య చర్చాంశాల్లో ఒకటైంది. ఒక దేశం ఎంత బాగా కాపాడినా తరువాతి మజిలీ లేకపోతే పక్షి మిగలదు.

ఈ దృష్టితో చూస్తే రోడ్డు పక్కన జరిగే ఒక చిన్న పని కూడా పెద్దదవుతుంది. మంచి ఫొటో కోసం ఎవరో గుంపు మీదికి నడుస్తారు. పక్షులు లేచి, ఒక చుట్టు తిరిగి దూరంగా దిగుతాయి. చూడడానికి అందంగానే ఉంటుంది. కానీ ఎగరడానికయ్యే ఖర్చు నిలబడి ఉండడానికయ్యే ఖర్చుకు ఎన్నో రెట్లు. ఆ పూట దాచుకున్న కొవ్వులో కొంత ఆ ఒక్క ఫొటోకు ఖర్చయిపోయినట్టే.

వేల పక్షులను లెక్కించడం ఎలా?

ఏటా జనవరిలో ఆసియా దేశాలన్నిటా నీటిపక్షుల గణన జరుగుతుంది. వెట్‌ల్యాండ్స్ ఇంటర్నేషనల్ ఆధ్వర్యంలో 1987లో మొదలైన ఈ కార్యక్రమం పూర్తిగా స్వచ్ఛంద పక్షి వీక్షకుల శ్రమ మీద నడుస్తుంది. జనవరినే ఎంచుకోవడానికి కారణముంది. ఆ నెలలో వలస పక్షులు చలికాలపు విడిదిలో స్థిరంగా ఉంటాయి. అందరూ ఇంచుమించు ఒకే సమయంలో లెక్కిస్తే ఒకే గుంపును రెండు చోట్ల రెండుసార్లు లెక్కించే ప్రమాదం తగ్గుతుంది.

పెద్ద గుంపును ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం సాధ్యం కాదు. అందుకు పద్ధతి ఉంది. ముందు గుంపులో ఒక మూల పది పక్షులను కచ్చితంగా లెక్కించి, అవి ఎంత చోటు ఆక్రమించాయో కంటికి పట్టించుకోవాలి. ఆ పరిమాణాన్ని పది రెట్లు చేసి వంద పక్షుల ముక్కను ఊహించుకోవాలి. అలాంటి ముక్కలు గుంపులో ఎన్ని పడతాయో చూడాలి. సంతలో రాశి చూసి ధాన్యం ఎన్ని బస్తాలో అంచనా కట్టే రైతు చేసేదీ ఇదే. పక్షులు చిక్కగా ఉన్న చోట మనిషి కన్ను తక్కువ అంచనా వేస్తుంది. అందుకే ఇద్దరు ముగ్గురు విడివిడిగా, ఒకరికొకరు చెప్పుకోకుండా లెక్కించి, తరువాత పోల్చుకుంటారు. ఫొటో తీసి ఇంటి దగ్గర చుక్కలు పెట్టి సరిచూసుకునేవారూ ఉన్నారు.

వేళ కూడా ముఖ్యమే. ఎండ ముదిరాక బురద నేల వేడెక్కుతుంది. దాని పైనున్న గాలి పొరల సాంద్రత చోటుచోటుకూ మారుతుంది, కాంతి వంకరలు పోతుంది. వేసవిలో తారురోడ్డు మీద నీరున్నట్టు కనిపించే భ్రమకు ఏది కారణమో, పది గంటల తరువాత టెలిస్కోపులో ఫ్లెమింగోలు నాట్యం చేస్తున్నట్టు కనిపించడానికీ అదే కారణం. ఎంత ఖరీదైన లెన్సు అయినా ఈ చలనాన్ని సరిచేయలేదు. ఉదయం రెండు మూడు గంటలే పని చేసే సమయం.

ఇంకో ముఖ్యమైన నియమం ఉంది. చూసిన ప్రతి జాతినీ రాయాలి. అరుదైనవాటిని మాత్రమే రాసి కాకులను, కొంగలను వదిలేస్తే ఆ జాబితా సగం పనికిరాదు. పూర్తి జాబితా ఇచ్చినప్పుడే, అందులో లేని పక్షి ఆ రోజు నిజంగా కనబడలేదని శాస్త్రవేత్త అనుకోగలడు. లేకపోవడం కూడా సమాచారమే. ఈ-బర్డ్ లాంటి వేదికలు పూర్తి జాబితాల కోసం పట్టుబట్టేది అందుకే. సుమారు 30 వేల మంది వీక్షకులు నమోదు చేసిన మూడు కోట్ల పరిశీలనల ఆధారంగా 2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక 942 జాతులను పరిశీలించింది. దీర్ఘకాలిక ధోరణిని చెప్పడానికి తగినంత సమాచారం దొరికింది వాటిలో 338 జాతులకే. ఆ 338లో 60 శాతం జాతులు తగ్గుముఖం పట్టాయి. మిగతా ఆరు వందలకు పైగా జాతుల విషయంలో దీర్ఘకాలపు జవాబు చెప్పేందుకు పాత లెక్కలు చాలలేదు.

రాసిపెట్టకపోతే ఏం పోతుంది?

పాత లెక్క విలువేమిటో చెప్పడానికి ఆంధ్ర తీరంలోనే ఒక కథ ఉంది. 1946లో పక్షి శాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ కొల్లేరు సమీపంలోని ఆరేడు అనే గ్రామంలో గూడబాతులు పెద్ద సంఖ్యలో గూళ్లు పెట్టుకున్న చోటును చూశారు. చూసి ఊరుకోలేదు. లెక్కలు, వివరాలు రాసి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ప్రచురించారు. తరువాతి దశాబ్దాల్లో ఆ కాలనీ కనుమరుగైంది. ఆయన రాయకపోయి ఉంటే అక్కడ ఏదో పోయిందన్న సంగతి కూడా లోకానికి తెలిసేది కాదు. చాలా ఏళ్ల తరువాత కొల్లేరు ప్రాంతంలోని ఆటపాకలో గూడబాతులు మళ్లీ గూళ్లు కట్టడం మొదలుపెట్టినప్పుడు, దాన్ని కొత్త వింతగా కాక తిరిగి రావడంగా గుర్తించగలిగింది కూడా ఆ పాత రాతల వల్లనే.

పులికాట్ వైపు గూడబాతుల పుట్టిల్లు నేలపట్టు. దొరవారిసత్రం దగ్గర, సూళ్లూరుపేటకు ఉత్తరాన సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ చెరువు 1976 నుంచి పక్షుల అభయారణ్యం. నీటిలో నిలబడి బతకగల బారింగ్టోనియా చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు పక్కపక్కనే గూళ్లు కడతాయి. చెట్ల చుట్టూ నీరుంటే నేల మీది శత్రువులు గూళ్ల దాకా రాలేవు. పిల్లలకు కావలసిన చేప మాత్రం చుట్టుపక్కల చెరువుల నుంచీ, పులికాట్ నుంచీ రావాలి. నేలపట్టు ఇల్లయితే పులికాట్ వంటగది. ఒకదాన్ని కాపాడి రెండోదాన్ని వదిలేస్తే ఆ కాపురం నిలవదు.

ముఖద్వారం మూసుకుంటే

పులికాట్‌కు ఉన్న ప్రధాన సమస్య ఇసుక. తూర్పు తీరం వెంబడి అలలు ఒడ్డుకు ఏటవాలుగా తగులుతాయి. నైరుతి రుతుపవనాల కాలంలో ఇసుకను ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాల కాలంలో దక్షిణానికి తోస్తాయి. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి వెళ్లేదే ఎక్కువ. ఇలా కదిలే ఇసుక ముఖద్వారాలకు అడ్డంగా మేట వేస్తుంది. లోపలి నుంచి వరద బలంగా తోసినప్పుడు ఆ మేట తెగుతుంది. వానలు తగ్గిన ఏడాది అది తెగదు. అప్పుడు సముద్రపు నీరు లోపలికి రాదు, చేప పిల్లలు, రొయ్య పిల్లలు రావు. సరస్సు ముందు ఉప్పెక్కుతుంది, తరువాత ఎండుతుంది.

ముందుగా దెబ్బ తగిలేది పక్షులకు కాదు, వల వేసేవారికి. సరస్సు చుట్టూ ఉన్న పట్టపు మత్స్యకారులు, చేతులతో తడిమి రొయ్యలు పట్టే యానాదుల బతుకు ఈ నీటి మీదే ఆధారపడి ఉంది. ముఖద్వారాల్లో పూడిక తీయాలని వారు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు.

ఇలాంటి పని ఫలితమిస్తుందా అంటే చిలికా అనుభవం మన ముందుంది. పూడికతో, ఉప్పదనం తగ్గిపోయి దెబ్బతిన్న చిలికాను 1993లో ప్రమాదంలో ఉన్న రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. ముందుగా నీటి ప్రవాహాలను అధ్యయనం చేసి, 2000 సెప్టెంబరులో అక్కడ కొత్త ముఖద్వారం తెరిచారు. చేపల దిగుబడి కోలుకుంది. 2002లో ఆ ప్రమాద జాబితా నుంచి చిలికా పేరు తొలగించారు.

అయితే చిలికా మందు పులికాట్‌కు అచ్చంగా అదే మోతాదులో పనికొస్తుందనుకోవడం తొందరపాటు. చిలికాది తీపి ఎక్కువైన సమస్య, పులికాట్‌ది వేసవిలో ఉప్పు ఎక్కువైన సమస్య. పైగా మత్స్యకారుడికి నీరు ఎంత లోతుంటే అంత మేలు. ఉల్లంకి పిట్టకు రెండంగుళాలు దాటితే ఆ చోటు లేనట్టే. ఏడాది పొడవునా నిండుగా ఉండే సరస్సు చేపకు బాగుంటుంది కానీ, మెల్లగా తీసే నీరు బయటపెట్టే బురద పట్టీ మాయమవుతుంది. ముఖద్వారం తెరవాలా వద్దా అన్నది కాదు ప్రశ్న. ఎక్కడ, ఎంత లోతున, ఏ నెలలో నీరు ఎంత ఉండేలా తెరవాలన్నది. ఆ ప్రశ్నకు జవాబివ్వాలంటే పనికి ముందు పక్షులెన్ని, ఎక్కడ ఉండేవో తెలియాలి. పని తరువాత ఏమైందో తెలియాలి. ఆ సమాచారంలో ఎక్కువ భాగం ఇచ్చేది రోడ్డు పక్కన స్టాండు పెట్టుకుని నిలబడ్డ ఆ నలుగురైదుగురే.

చూడాలనుకునేవారికి

పులికాట్ చూడడానికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. పక్షుల సందడి ఉన్న రోజుల్లోనే సూళ్లూరుపేటలో రాష్ట్ర ప్రభుత్వం ఫ్లెమింగో ఫెస్టివల్ జరుపుతుంది. నిశ్శబ్దంగా చూడాలనుకునేవారు పండుగ రోజులు కాకుండా మామూలు రోజు ఎంచుకోవడం మేలు. శ్రీహరికోట దారిలో అటకానితిప్ప దగ్గర ఆగి చూడవచ్చు.

8×42 బైనాక్యులర్ ఒకటి ఉంటే చాలు. ఇందులో 8 అంటే నాలుగు వందల మీటర్ల దూరంలోని పక్షి యాభై మీటర్ల దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. 42 అంటే ముందు లెన్సు వ్యాసం మిల్లీమీటర్లలో. అది ఎంత పెద్దదైతే తెల్లవారుజామున అంత వెలుగు కంటికి చేరుతుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు పడమర నుంచి తూర్పుకు సాగుతుంది. చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణం వైపే ఉంటాడు కాబట్టి రోడ్డుకు ఉత్తరాన ఉన్న పక్షుల మీద వెలుగు నేరుగా పడి రంగులు స్పష్టంగా తెలుస్తాయి. దక్షిణం వైపు చూస్తే నల్లటి నీడలే కనిపిస్తాయి.

రోడ్డు దిగి బురదలోకి నడవకూడదు. డ్రోన్లు ఎగరేయకూడదు. గుంపులోని పక్షులు మేత ఆపి తలలెత్తి చూస్తున్నాయంటే మనం హద్దు దాటినట్టే. రెండడుగులు వెనక్కి వేస్తే అవి మళ్లీ తలలు దించుతాయి.

కొత్తవారికి అన్ని ఉల్లంకి పిట్టలూ ఒకేలా కనిపిస్తాయి. అందులో సిగ్గుపడాల్సింది లేదు. పేరు తెలియని పక్షిని తెలియని పక్షిగానే రాయవచ్చు. తప్పు పేరు రాయడం కంటే అది ఎన్నో రెట్లు నయం. మొదటి ఏడాది ఫ్లెమింగోను, గూడబాతును, తెడ్డుమూతి కొంగను లెక్కించడం నేర్చుకున్నా చాలు. మరుసటి ఏడాది అదే నెలలో అదే చోటికి వెళ్లి మళ్లీ లెక్కిస్తే రెండు అంకెలు చేతిలో ఉంటాయి.

పది గంటలు కావస్తుంది. గాలి వేడెక్కి టెలిస్కోపులో గులాబీ గీత వణకడం మొదలవుతుంది. స్టాండు మడిచేస్తూ ముగ్గురూ తమ అంకెలు బయటపెడతారు. మూడూ ఒకటి కావు, కానీ దగ్గరదగ్గరగా ఉంటాయి. వాటి పక్కన తేదీ, సమయం, చోటు, ఆ రోజు నీరు ఎక్కడి దాకా ఉందో రాసుకుంటారు. ఆ చివరి వివరం ఫారంలో ఎవరూ అడగరు. పులికాట్‌ను కొన్నేళ్లుగా చూస్తున్నవారు మాత్రం దాన్ని రాయకుండా ఉండరు.